మామగారి కూలరుకు కొత్త రంగు

ఇనుప వస్తువులున్న ఇంటికి మా తడలో నెమ్మది లేదు. ఒక ప్రక్క పులికాట్ సరస్సు, దానికి ఆవల సముద్రం. ఆ ఉప్పుగాలికి కిటికీ ఊచలైనా, సైకిలైనా తొందరగా తుప్పు పడతాయి. అలాంటి ఊళ్ళో మా మామగారు కొన్న ఇనుప కూలరు ముప్పయ్యేళ్ళు నిలిచిందంటే అది ఆయన శ్రద్ధ వల్లనే. ఏటా ఎండలు ముదరక ముందే దాన్ని వరండాలోకి లాగి, కడిగి, గడ్డి మార్చేవారు. ఆయన పోయాక అది మూలబడింది.

ఈ వేసవికి మా అమ్మాయి చంటిబిడ్డతో వస్తున్నదని తెలిసి, కొత్త ప్లాస్టిక్ కూలరు కొని దీన్ని పాత ఇనుముకు వేద్దామన్నారు మా వారు. అత్తగారు ఏమీ అనలేదు. లేచి వెళ్ళి దాని మీది దుమ్ము కొంగుతో తుడిచారు. ఆ మాట అంతటితో ఆగిపోయింది.

రంగు పని నేనూ మా అబ్బాయీ పెట్టుకున్నాం. ముందుగా గడ్డి పలకలు, మోటారు, పంపు విప్పేశాం. తుప్పును ఇనుప బ్రష్షుతో, ఉప్పుకాగితంతో గీకి, ఉప్పూ జిడ్డూ పోయేలా సబ్బునీళ్ళతో కడిగి ఆరబెట్టాం. ఆ పైన రెడ్ ఆక్సైడ్ పూశాం. అది లేకపోతే రంగు క్రిందనే తుప్పు మళ్ళీ పాకుతుంది. మరునాడు పొయ్యికి దూరంగా, గాలి విసరని నీడలో, ముక్కుకు గుడ్డ కట్టుకుని స్ప్రే రంగు కొట్టాం. డబ్బాలోని గోళీ గలగలలాడేలా బాగా ఊపి, జానెడు దూరం నుండి, చెయ్యి ఒకచోట నిలపకుండా పలుచగా కొట్టాలి. దట్టంగా కొడితే కారుతుంది. ఒక పూత ఆరాక మరొకటి, అలా మూడు పూతలు. తొట్టి లోపలికి మాత్రం నీటికి తట్టుకునే నల్లని బిటుమెన్ రంగు. పైకి ఆకాశనీలమే కావాలన్నారు అత్తగారు. మొదట ఉన్నది ఆ రంగేనట.

రంగు తుప్పును ఆపుతుంది గాని కరెంటును ఆపదు గదా! కూలరంటే నీళ్ళూ, 230 వోల్టుల కరెంటూ ఒకే ఇనుప పెట్టెలో ఉండడం. లోపలి తీగ చిట్లి పెట్టెకు తగిలినప్పుడు, ఎర్త్ ఉంటే కరెంటు భూమిలోకి పోయి ఫ్యూజు ఎగిరిపోతుంది. ఎర్త్ లేకపోతే ముట్టుకున్న మనిషి గుండా పోతుంది. మేము పిలిపించిన ఎలక్ట్రీషియన్ కూలరును చూడకముందే గోడలోని ప్లగ్గు విప్పాడు. మూడవ రంధ్రం ఉంది, దాని వెనుక తీగ లేదు! ఇల్లు కట్టిన నాడు వైరింగు చేసినవారు వదిలేశారు. అతడు ఎర్త్ తీగ లాగి, కరెంటు లీకైతే తనంతట తానే ఆగిపోయే స్విచ్చు కూడా బిగించాడు.

మీ ఇంట పాత ఇనుప కూలరుంటే రంగు డబ్బా కొనక ముందే ఆ తీగ సంగతి చూపించుకోండి. వారానికొకసారి తొట్టి ఖాళీ చేసి, గోడలు రుద్ది ఆరనివ్వండి. డెంగీ దోమ గుడ్డు నుండి రెక్కల దోమ కావడానికి వారం, పది రోజులు చాలు. కూలరును కిటికీ దగ్గర పెట్టి, ఎదుటి కిటికీ తెరిచి ఉంచండి. పడమటి గాలి పొడిగా కొట్టే మధ్యాహ్నాలే దానికి అనుకూలం. సముద్రపు తేమగాలి వీచే సాయంత్రాలు అది అంతగా చల్లబరచదు.

మామగారు ప్లగ్గు పీకనిదే నీళ్ళు పోయనిచ్చేవారు కారని అత్తగారు చెప్పారు. "చాదస్తమనుకునేదాన్నమ్మా" అన్నారు. ఇప్పుడు బిందె ఎత్తిన ప్రతివారినీ ఆపి, ప్లగ్గు పీకారా అని అడిగేది ఆమే.