పంచాంగం చూసి అండమాన్‌కు

అండమాన్ వెళ్లాలనుకోగానే ఎవరైనా ముందు విమానం టికెట్లు కొంటారు, తర్వాత హోటల్ వెతుకుతారు, పడవల సంగతి చివర్లో చూస్తారు. మేము ఆ వరుసను తిరగేశాం. దీవుల్లో రోజు ఎలా గడవాలో సముద్రం చెబుతుంది గనుక ముందు దాని వేళలే తెలుసుకున్నాం. అత్తయ్యకు మోకాళ్ల నొప్పులు, మా పాపకు ఏడేళ్లు. వాళ్లిద్దరికీ కుదిరితే అందరికీ కుదిరినట్టే.

తేదీలు తేల్చింది అత్తయ్య పంచాంగం. పౌర్ణమి, అమావాస్యలకు పోటు ఎత్తుగా వస్తుంది, ఆటు కూడా అంతే దూరం పోతుంది. భీమిలి ఒడ్డున పెరిగిన ఆవిడకు ఇది చిన్ననాటి లెక్క. నీల్ దీవిలో పగడపు రాళ్లు తేలేది ఆటు సమయంలోనే. అందుకని మార్గశిర పౌర్ణమి మర్నాటికి అక్కడ ఉండేలా చూసుకుని, ఆ తేదీకి ముందూ వెనకా మిగతావి అమర్చాం. డిసెంబరు చివరికి వానలు తెరిపిస్తాయి, పిల్లలకు సెలవులూ ఉంటాయి. రద్దీ కూడా అప్పుడే కాబట్టి ఫెర్రీ టికెట్లు ముందే తీసుకున్నాం.

చెన్నై నుంచి విమానంలో పోర్ట్ బ్లెయిర్ చేరాం. 2024లో ఈ ఊరి పేరు శ్రీ విజయపురంగా మార్చారు. మన దేశపు గడియారం కాకినాడకు దగ్గరగా పోయే 82.5 డిగ్రీల రేఖాంశానిది. పోర్ట్ బ్లెయిర్ అంతకు పది డిగ్రీలు తూర్పున ఉంది. అందుకే డిసెంబరులో సాయంత్రం అయిదింటికే పొద్దు గుంకుతుంది. తెల్లవారుజామునే లేచి బయల్దేరడం మొదటి రోజు నుంచే అలవాటు చేసుకున్నాం.

ముందు ఊళ్లోని సెల్యులార్ జైలు చూశాం. 1906లో పూర్తయిన ఆ జైలుకు అప్పట్లో గదుల వరుసలు ఏడు. ఇప్పుడు మూడే మిగిలాయి. ఒక వరుస ముందు వైపు నుంచి చూస్తే పక్క వరుస వీపే కనిపిస్తుంది. ఖైదీ ఖైదీని చూడకూడదని అలా కట్టారు. అల్లూరి అనుచరుడు గాం మల్లుదొర అండమాన్‌లో శిక్ష అనుభవించి, 1952లో లోక్‌సభకు ఎన్నికయ్యాడని పాపకు చెప్పాను. తను కాసేపు కటకటాలు పట్టుకుని నిలబడింది.

స్వరాజ్ ద్వీప్‌గా పేరు మారిన హేవ్‌లాక్‌లో రాధానగర్ తీరం చూశాం. మెత్తని తెల్లటి ఇసుక, వెనకే ఎత్తయిన అడవి. స్కూబాకు పదేళ్లు నిండాలి కాబట్టి పాపను అద్దాల అడుగు పడవ ఎక్కించాం.

మా ప్రయాణానికి ప్రాణం నీల్ దీవి, ఇప్పటి షహీద్ ద్వీప్. మధ్యాహ్నం దాటాక లక్ష్మణ్‌పూర్ తీరంలో సముద్రం వెనక్కి జరిగి, రాళ్ల మధ్య చిన్న చిన్న గుంటలు తేలాయి. గైడ్ ఒక బెంగాలీ కుర్రాడు. గుంట దగ్గర కూర్చుని పాప చేతిని నీటి మీదుగా మెల్లగా కదిలించాడు. ఆ నీడ పడగానే లోపలి పెద్ద ఆల్చిప్ప నీలిరంగు అంచులు ముడుచుకుంది. పక్కన నల్లటి సముద్ర దోసకాయ కదలకుండా పడి ఉంది. పాప పగడపు ముక్కకు చేయి చాచితే, "దాని ఇల్లు ఇదే" అని హిందీలో నచ్చజెప్పాడు. పగడాన్ని తీసుకుపోవడం చట్టరీత్యా నేరం కూడా. రాళ్లు మొదలయ్యే చోట ఆగిపోయిన అత్తయ్య నీటి మీదే కన్నేసి ఉంచారు. "నీళ్లు తిరిగాయి, ఇక రండర్రా!" అని ఆవిడ కేకేశాకే ఒడ్డుకొచ్చాం.

తిరుగు విమానానికి ముందు పోర్ట్ బ్లెయిర్‌లో ఒక రోజు ఖాళీగా ఉంచాం. సముద్రం అలజడిగా ఉంటే పడవలు ఆగిపోతాయని ఆ జాగ్రత్త. మా పడవ వేళకే వచ్చింది, ఆ రోజు మాకు మిగిలింది. జంగ్లీఘాట్ చేపల బజారులో మా మాటలు విని ఒకావిడ, "ఏ ఊరమ్మా మీది?" అంది. సోంపేట వైపు నుంచి వాళ్ల నాన్న కాలంలోనే వచ్చేశారట. 2011 జనాభా లెక్కల ప్రకారం ఈ దీవుల్లో సుమారు 13 శాతం మందికి తెలుగే మాతృభాష. అత్తయ్య, ఆవిడా చేపల పులుసు గురించి చాలాసేపు మాట్లాడుకున్నారు.

మీరూ వెళ్తుంటే తిథి చూసుకోండి, పడవ వేళలు కనుక్కోండి, చివర్లో ఒక రోజు ఖాళీగా వదలండి. పెద్దవాళ్లను ఇంట్లో వదిలి వెళ్లకండి. సముద్రం తెలిసినవాళ్లు వెంట ఉంటే పిల్లలు చూసేది, నేర్చుకునేది రెండింతలవుతుంది.