కొసరి పోయకండి!

బరువు తగ్గే ఆపరేషన్ చేయించుకున్నవాళ్లకి కొసరి కొసరి వడ్డించకూడదని ఇప్పుడు అందరికీ తెలుసు. గ్లాసులో కొసరి పోయకూడదన్న సంగతే చాలామందికి తెలీదు.

మా అన్నయ్యకి గ్యాస్ట్రిక్ బైపాస్ అయి రెండేళ్లు. నలభై కిలోలు తగ్గాడు. షుగరు అదుపులోకొచ్చింది. ఒకప్పుడు మూడు పెగ్గులు తాగినా మాట తడబడని మనిషి. అది తెలిసిన బంధువులు ‘ఒక్కటే కదా, నీకో లెక్కా?’ అంటూ పెళ్లిళ్లలో చేతికందిస్తారు. ఆ ఒక్కటీ గొంతు దిగిన పావుగంటకే తూలిపోతున్నాడు.

కారణం ఉంది. ఈ ఆపరేషన్‌లో పొట్ట పైభాగాన్ని సుమారు 30 మిల్లీలీటర్లు పట్టే సంచిగా చేసి, నేరుగా చిన్నపేగుకి కలుపుతారు. అంటే చిన్న పెగ్గు పట్టేంత చోటన్నమాట! మద్యం అక్కడ నిలవదు. పేగులోకి జారి నిమిషాల్లో రక్తంలో కలుస్తుంది. బైపాస్ అయిన ఆడవాళ్లకి రెండు డ్రింకులు మునుపటి నాలుగింటితో సమానమని 2015లో అమెరికా పరిశోధకులు తేల్చారు.

అలవాటు వ్యసనమయ్యే ముప్పూ ఉంది. 2012లో అక్కడే 1,945 మందిపై వెలువడిన అధ్యయనంలో, ఆపరేషన్‌కి ముందు 7.6 శాతం మందికి తాగుడు సమస్య ఉంటే రెండో ఏడాది 9.6 శాతానికి చేరింది. మొదటి ఏడాది పెరగలేదు. ఇక భయం లేదని ఇంట్లోవాళ్లు ఊపిరి పీల్చుకునే సమయంలోనే పెరిగింది.

మన చట్టం ప్రకారం బండి నడిపేవాళ్ల రక్తంలో ఆల్కహాల్ 100 మిల్లీలీటర్లకి 30 మిల్లీగ్రాములు దాటకూడదు. అందుకే విందుకెళ్తే కారు తాళాలు మా వదిన హ్యాండ్‌బ్యాగులోనే ఉంటాయి. అన్నయ్య చేతిలో మజ్జిగ గ్లాసు కనిపిస్తే, దయచేసి దాన్ని మార్చకండి.