గొంతు వచ్చింది, గిటారు రాలేదు

పావగడలో పెళ్లి పత్రిక కన్నడంలో అచ్చవుతుంది, పెళ్లిలో అలకలు మాత్రం తెలుగులోనే. తుమకూరు జిల్లా అన్నమాటే గానీ మాకు మూడు పక్కలా ఆంధ్రానే. అందుకే హైదరాబాదులో పుట్టిన పాట మా ఊరికి ఆలస్యంగా రావడమంటూ ఉండదు. 2025 సంక్రాంతి నుంచి ఏ షామియానా కింద చూసినా ‘గోదారి గట్టు’ పాటే. మాకున్న నది నాగలమడిక దగ్గరి ఉత్తర పినాకిని. అందులో నీళ్లకన్నా ఇసుకే ఎక్కువ రోజులు కనబడుతుంది. అయినా గోదారి ఒడ్డునే పుట్టి పెరిగినట్టు అందరూ ఊగిపోయారు.

నేనూ ఊగాను. ఊగుతూనే లోలోపల చిన్నబుచ్చుకున్నాను. ఎందుకంటే పాడింది రమణ గోగుల.

1999లో ‘తమ్ముడు’ పాటలు వచ్చినప్పుడు ఆ గొంతు మాకెందుకు పిచ్చెక్కించిందో ఇప్పటి పిల్లలకు చెప్పడం కష్టం. సినిమాలో పాడాలంటే గొంతు నున్నగా ఉండాలి, అక్షరం తేటగా పలకాలి అని నమ్మిన చెవులు మావి. ఈయనదేమో రాత్రంతా నిద్ర లేనట్టు, పైగా జలుబు చేసినట్టు ఉండే గొంతు. సగం ముక్కుతో, సగం నిర్లక్ష్యంతో పాడేవాడు. తెలుగు హీరో కసరత్తు చేస్తుంటే వెనకాల ‘ట్రావెలింగ్ సోల్జర్’ అంటూ మొత్తం ఇంగ్లీషు పాట! ఒక్క ముక్క అర్థమైతే ఒట్టు. గిటారు మాత్రం అర్థమైంది, అది చాలు. జాతర్లలో రసమంజరి ఆర్కెస్ట్రా వాళ్లను ఆ పాటలు పాడమని అడిగేవాళ్లం. పాడేవారు పాపం, శుభ్రంగా, శ్రుతి తప్పకుండా. అక్కడే చెడేది.

సినిమాల్లోకి రాకముందే మిస్టీ రిథమ్స్ అనే బ్యాండుతో హిందీ పాప్ పాటలు చేసినవాడాయన. ‘తమ్ముడు’ తర్వాత 2000లో ‘బద్రి’. మరుసటి ఏడాది ‘తమ్ముడు’నే పూరి జగన్నాథ్ శివరాజ్‌కుమార్‌తో కన్నడంలో ‘యువరాజ’గా తీస్తే దానికీ ఆయనే సంగీతం. 2007లో బండి ఎదురు తిరిగి కన్నడ ‘జోగి’ తెలుగులో ‘యోగి’ అయింది, అక్కడా ఆయనే. సరిహద్దు ఊరివాళ్లకు ఇంతకన్నా సొంత మనిషి ఎవరుంటారు చెప్పండి? ఆయన సంగీతం పంక్ కాదు, హార్డ్ రాక్ అసలే కాదు అని బెంగళూరు స్నేహితులు మూతి విరిచేవారు. కాకపోవచ్చు. మా దాకా వచ్చిన రాక్ అదే.

2013లో తేజ తీసిన ‘1000 అబద్ధాలు’కు సంగీతం చేశాడు. సినిమా వచ్చినట్టు తెలిసేలోపే వెళ్లిపోయింది. ఆ తర్వాత మళ్లీ గొంతు వినపడడానికి పదేళ్లు దాటింది.

‘గోదారి గట్టు’ మంచి పాట. భాస్కరభట్ల మాటలు, భీమ్స్ సిసిరోలియో బాణీ, మధుప్రియ జోడీ, అన్నీ కుదిరాయి. ‘ప్రేమంటే ఇదేరా’కూ ‘లక్ష్మి’కీ పాటలు కట్టినవాణ్ని మళ్లీ వెంకటేశ్ కోసం పాడించడం తెలివైన ఆలోచనే. నా పేచీ ఒక్కటే. పిలిచింది గొంతును, పాట కట్టే మనిషిని కాదు. డ్రమ్ము ఎక్కడ ఆగాలో, గిటారు ఎక్కడ అరవాలో తేల్చుకున్న ఆ పాత పెంకితనం ఈ పాటలో లేదు. ఆ గరుకుదనం ఒకప్పుడు తిరుగుబాటు. ఇప్పుడు పోపులో ఇంగువ, వాసనకు చిటికెడు వేశారు.

పాత రాక్‌తోనే తిరిగి రావాల్సిందా అంటే, అదీ ప్రమాదమే. పంక్‌కు గాడ్‌ఫాదర్ అని లోకం పిలిచే ఇగ్గీ పాప్ ఆ పని చేశాడు. 1973 నాటి ‘రా పవర్’ తర్వాత ఆయన బ్యాండు స్టూజెస్ మళ్లీ స్టూడియోలో కూర్చుని ఆల్బం తెచ్చింది 2007లో. పేరు ‘ది వియర్డ్‌నెస్’. రికార్డు చేసింది స్టీవ్ ఆల్బినీ అంతటివాడు. అదే గిటారు మోత, అదే అరుపు. విమర్శకులు పెదవి విరిచారు. నాకూ రుచించలేదు: అరవై దగ్గరపడ్డ మనిషి ఇరవై ఏళ్ల వయసునాటి కోపాన్ని గుర్తు తెచ్చుకుని మరీ అరుస్తున్నట్టుంది. అయినా ఆ ఓటమంటే నాకు గౌరవం. తన పాట తనే కట్టుకుని ఓడాడు. మన పెద్దమనిషి మాత్రం ఇంకొకరి పాటలో అతిథిగా వచ్చి గెలిచాడు. పెళ్లి షామియానా కింద అందరూ ఆ గెలుపుకు ఈల వేస్తుంటే, నాకు ఓటమిని అడగాలనిపించింది.

గోగులగారూ, అభిమాని మొండితనమే అనుకోండి. హీరో, పండగ, విడుదల తేదీ ఇవేవీ లేకుండా నాలుగు పాటలు మీరే కట్టండి, మీరే పాడండి. బాగాలేకపోతే ఆ సంగతి అందరికన్నా ముందు పావగడ నుంచి నేనే రాస్తాను.