గోడ మీద పేర్లు... లేని పేర్లు

జర్మనీలో ఏ చిన్న ఊరికి వెళ్లినా ఓ వ్యాయామశాలో, ఫుట్‌బాల్ మైదానమో ఉంటుంది. పిల్లలు పల్టీలు కొడుతుంటారు, బంతి వెంట పరుగులు తీస్తుంటారు. అక్కడే, గుమ్మం పక్కనో మైదానం అంచునో, ఓ రాతి పలక కనిపిస్తే ఒక్క నిమిషం ఆగాల్సిందే. 1914-1918 అన్న అంకెలు, ఇనుప శిలువ గుర్తు, ఓక్ ఆకులు, కింద వరసగా పేర్లు. వాళ్లంతా ఒకప్పుడు ఇదే క్లబ్బులో ఆడిన కుర్రాళ్లు. యుద్ధానికెళ్లి తిరిగిరాని వాళ్లు!

ఏడుగురుంటే చాలు
'ముగ్గురు జర్మన్లు కలిస్తే ఓ క్లబ్బు పెడతారు' అని అక్కడో జోకు. చట్టప్రకారం రిజిస్టర్ చేయాలంటే మాత్రం ఏడుగురు ఉండాలి. వాళ్ల భాషలో దాన్ని 'ఫెరైన్' అంటారు. వ్యాయామానికొకటి, పాటలకొకటి, తుపాకీ గురికొకటి... దేశం మొత్తమ్మీద లక్షల్లో ఉన్నాయి. 1811లో ఫ్రీడ్రిష్ లుడ్విగ్ యాన్ బెర్లిన్‌లో ఆరుబయలు వ్యాయామ మైదానం తెరిచాక ఈ సంప్రదాయం ఊరూరా పాకింది. క్లబ్బంటే కాలక్షేపం మాత్రమే కాదు, ఇంటి తర్వాత ఇల్లు. అందుకే సభ్యుడు చనిపోతే సొంతవాళ్లు పోయినట్టే.

మొదటి ప్రపంచయుద్ధంలో దాదాపు 20 లక్షలమంది జర్మన్ సైనికులు ప్రాణాలు కోల్పోయారు. చాలామంది దూరదేశాల మట్టిలోనే కలిసిపోయారు. దీపం పెట్టుకోవడానికి సమాధి కూడా లేని తల్లిదండ్రులకు ఈ పలకే దిక్కైంది. రెండో యుద్ధంలో 50 లక్షలమందికి పైగా సైనికులు పోయారు. దాంతో ఎన్నోచోట్ల అదే పలక కింద 1939-1945 అన్న అంకెలూ చేరాయి. తండ్రుల పేర్ల కింద కొడుకుల తరం!

1946 మేలో మిత్రరాజ్యాలు యుద్ధాన్ని కీర్తించే కట్టడాలన్నీ కూల్చేయమని ఆదేశించాయి. కానీ చనిపోయిన మామూలు సైనికుల జ్ఞాపకార్థం పెట్టినవాటికి మినహాయింపు దొరికింది. అలా ఈ పలకలు మిగిలాయి.

రాజీనామా లేఖ
ఈ గోడల మీద కనిపించని కథ మరొకటుంది. మొదటి యుద్ధంలో దాదాపు లక్షమంది యూదులు జర్మనీ తరఫున పోరాడారు. వారిలో సుమారు 12 వేలమంది చనిపోయారు. అయినా 1933లో నాజీలు గద్దెనెక్కగానే క్లబ్బుల తలుపులు యూదులకు మూసుకుపోయాయి.

జూలియస్ హిర్ష్ పదేళ్ల వయసులో కార్ల్స్‌రూ ఫుట్‌బాల్ క్లబ్బులో చేరాడు. 1910లో ఆ జట్టు జాతీయ విజేత. 1912 ఒలింపిక్స్‌లో అతడు దేశం తరఫున ఆడాడు. యుద్ధంలో ఐరన్ క్రాస్ పతకం తెచ్చుకున్నాడు. సోదరుడు లియోపోల్డ్ ఆ యుద్ధంలోనే నేలకొరిగాడు. 1933 ఏప్రిల్‌లో ఓ రోజు పత్రికలో వార్త: దక్షిణ జర్మనీ పెద్ద క్లబ్బులు యూదుల్ని తొలగిస్తాయట! గెంటించుకోవడం ఇష్టంలేక హిర్ష్ తనే రాజీనామా రాశాడు. ఈ దేశం కోసం యూదులూ రక్తం ధారపోశారని అందులో గుర్తుచేశాడు. పదేళ్లకు, 1943 మార్చిలో, అతణ్ని ఆష్విట్జ్‌కు తరలించారు. తిరిగి రాలేదు. 2005 నుంచి జర్మన్ ఫుట్‌బాల్ సంఘం జాతి వివక్షపై పోరాడేవారికి అతడి పేరుతో అవార్డు ఇస్తోంది.

నవంబరు ఆదివారం
ఏటా నవంబరులో, క్రిస్మస్ ముందు వచ్చే ఆగమన కాలం మొదలవడానికి రెండు ఆదివారాల ముందు, జర్మనీ సంతాపదినం పాటిస్తుంది. ఊరి అగ్నిమాపక దళం, పాటల క్లబ్బు, పిల్లా పెద్దా స్మారకాల దగ్గర పుష్పగుచ్ఛాలు ఉంచుతారు. ఒకప్పుడు సైనికులకే పరిమితమైన ఆ నివాళి ఇప్పుడు యుద్ధాలకు, నిరంకుశత్వానికి బలైన అందరిదీ.

పలక మీదున్న పేర్లు యుద్ధం ఏం తీసుకుపోయిందో చెబుతాయి. లేని పేర్లు ద్వేషం ఏం చేసిందో చెబుతాయి. ఆ గోడ ముందు రెండూ చదవాలి.