దుంగ నడిమికి చేరని మందు

ప్రియులారా, తంగళ్ళపల్లిలో మన మందిరం ఆవరణ మట్టి వానకు జారకుండా, మందు పట్టించిన బరువు దుంగలు ఒకదానిపై ఒకటి పేర్చి నిలువునా ఇనుప కడ్డీలు దించుతున్నాం. వానలు పడేలోపు ముగించాలని అందరికీ తొందరే. బరమా పట్టిన వడ్ల పెద్దాయనకు మాత్రం లేదు. రెండంగుళాలు దిగగానే పైకి లాగి పొట్టు దులుపుతాడు. లేకుంటే బరమా వేడెక్కి చెక్కలో బిగుసుకుపోతుంది. సగం దిగాక దుంగ తిరగేసి, అవతలి గుర్తు మీద నుంచి మొదలుపెడతాడు, అంచు చీలకుండా.

మందు పైపొరల్లోకే దిగుతుంది, లావు దుంగ నడిమికి చేరదు. మనం వేసే ప్రతి రంధ్రం నీళ్లకూ చెదలకూ ఆ నడిమికి దారి. రైలు పట్టాల కింది చెక్క స్లీపర్లకు ముందు రంధ్రాలు వేసి ఆ తర్వాతే మందు పట్టించేది ఇందుకే. మనకు ఆ వీలు లేదు. కాబట్టి ఒక్కో రంధ్రం లోపల కుంచెతో మందు పూసి, ఆరాకే కడ్డీ దించుతున్నాం. కడ్డీ దిగాక ఎవరు పూశారో, ఎవరు పూయలేదో ఎవరికీ కనబడదు.

అక్కలారా, ఆ పొట్టు నీళ్ల పొయ్యిలోకి తీసుకుపోకండి. ఇలాంటి మందుల్లో ఆర్సెనిక్ కలిసేవి ఉన్నాయి, కాలిస్తే పొగ విషం. గోనెసంచిలో కట్టి పెట్టాం, పిల్లల్ని ముట్టనివ్వకండి. శనివారం మిగతా రంధ్రాలు వేస్తాం. దుంగలు తిరగేయడానికి నలుగురు కావాలి.