కొల్లేటి దారుల్లో కొత్త ఇంజను

ఏలూరు నుంచి కొల్లేరు చూడ్డానికి వెళ్లేవాళ్లు ఆటపాకలో పక్షుల ఫొటోలు తీసుకుని మధ్యాహ్నం భోజనాల వేళకి తిరిగొచ్చేస్తారు. మేం మాత్రం గంటకు యాభై కిలోమీటర్లు దాటకుండా రోజంతా తిరిగాం. సరదాకి కాదు. టాక్సీ నడుపుకునే మా బావ కారుకి ఇంజను పని అయింది మరి!

మూడు లక్షల కిలోమీటర్లు దాటాక ఆ బండి ఆయిలు తాగుతూ నీలంపొగ వదలడం మొదలెట్టింది. ఇంజను దించి, సిలిండర్లు బోరింగ్ చేయించి, కొత్త పిస్టన్లు, రింగులు వేయించాడు. అంతా వడ్డీకి తెచ్చిన డబ్బే. తాళాలు చేతికిస్తూ మేస్త్రి చెప్పాడట... ‘వెయ్యి కిలోమీటర్ల దాకా బేరాలు ఒప్పుకోకండి. లోడెయ్యొద్దు. ఒకటే స్పీడులో పోవద్దండి. అలాగని మరీ మెత్తగా కూడా నడపొద్దు’ అని.

ఈ ఆఖరి మాటే చాలామందికి తెలీదు. బోరింగ్ అయ్యాక సిలిండరు గోడ అద్దంలా ఉండదు. దానిమీద కావాలనే అడ్డదిడ్డంగా సన్నని గీతలు పెడతారు. ఇంజను మండినప్పుడు పుట్టే వాయువుల ఒత్తిడి రింగుల్ని ఆ గోడకి అదుముతుంది. ఆ రాపిడికి గరుకు కాస్త అరిగి, రింగూ గోడా ఒకదానికొకటి సర్దుకుంటాయి. గీతల్లో మిగిలిన ఆయిలు రెండిటినీ కాపాడుతుంది. మొదట్లోనే తరిమితే వేడెక్కి రింగులు గీసుకుపోతాయి. మరీ మెల్లగా తోలితే రింగులు అదుముకోవు, గోడ నున్నబడిపోతుంది. అప్పుడు జీవితాంతం ఆయిలు తాగుతూనే ఉంటుంది. బ్రిటన్‌లో ఒకప్పుడు ఇలాంటి కార్ల వెనక అద్దానికి ‘రన్నింగ్ ఇన్‌లో ఉంది, దయచేసి దాటి వెళ్లండి’ అని అట్ట పెట్టుకునేవారు. మనకి అట్ట అక్కర్లేదు, హారన్లు కొట్టి మరీ దాటేస్తారు!

ఈ పనికి నాలుగు వరుసల హైవేకన్నా ఏలూరు-కైకలూరు రోడ్డు మేలు. వంతెన దగ్గర సెకండు గేరు, ఊళ్లో గేదెలు అడ్డొస్తే బ్రేకు, మళ్లీ థర్డు... వేగం దానంతటదే మారుతుంటుంది. ఊరు దాటిన కాసేపటికే రోడ్డుకి రెండువైపులా నీళ్లు. కిక్కిస పొదలు, గుర్రపుడెక్క, మధ్యలో తాటిదోనె మీద వల సర్దుకుంటున్న మనిషి. పెదయడ్లగాడి వంతెన మీద బావ ఇంజను ఆపాడు. ఊరికే నిలబెట్టి ఆన్‌లో ఉంచడం కూడా కొత్త రింగులకి మంచిది కాదు. 2024 సెప్టెంబరులో బుడమేరు విజయవాడని ముంచి కొల్లేటికి చేరినప్పుడు ఈ రోడ్డు మీద నీళ్లు పారాయి. ఎగువన కృష్ణా, గోదావరి డెల్టాల మధ్య పల్లంలోకి బుడమేరూ, తమ్మిలేరూ తెచ్చి పోస్తుంటే, దిగువన సముద్రానికి పంపడానికి ఉన్నది ఒక్క ఉప్పుటేరే.

చెరువుల గట్లు కనిపించినంత దూరం సరస్సు కనిపించదు, అదీ కొల్లేటి కథ. 1999లో అయిదో కాంటూరు లోపలి 308 చదరపు కిలోమీటర్లని అభయారణ్యంగా ప్రకటించారు. 2002లో రామ్సర్ జాబితాకెక్కింది. 2006లో చేపల చెరువుల గట్లు పేల్చి తెగ్గొట్టారు. తర్వాత చాలాచోట్ల మళ్లీ గట్లు లేచాయి. పక్షులకి చోటెంత, లంకల్లో మనుషుల బతుకెంత అన్న లెక్క ఇంకా తేలలేదు. ఆటపాకలో గూడబాతులు, అదే పెలికాన్లు, ఇవేం పట్టనట్టు గూళ్ల మీద కిక్కిరిసి ఉన్నాయి. బావ మాత్రం పక్షుల్ని చూడ్డం కన్నా ముందు బానెట్ ఎత్తి ఆయిల్ గేజి లాగి చూసుకున్నాడు.

కైకలూరు నుంచి ఆకివీడు, భీమవరం. ఐస్ వేసి చేపల ట్రేలు సర్దుకున్న లారీలు మమ్మల్ని దాటుకుంటూ కోల్‌కతా వైపు పోతున్నాయి. పిప్పర మీదుగా తాడేపల్లిగూడెం చేరేసరికి సాయంత్రం నాలుగైంది. రెండో ప్రపంచయుద్ధం నాటి విమానాల రన్‌వే, 2015లో వచ్చిన నిట్ ఉన్నా, ఈ ఊరంటే నాకు ముందు గుర్తొచ్చేది ఉల్లిపాయల మార్కెట్టే. అక్కడ టీ తాగుతుండగా బావకి ఫోనొచ్చింది. రాత్రికే తిరుపతి ప్రయాణం, ఏడుగురు, సామాను, పాత పార్టీ. రానూపోనూ ఎనిమిది వందల కిలోమీటర్ల పైమాట. ఇంటికి కిరాయి వచ్చి మూడు వారాలైంది. వడ్డీ కట్టాల్సిన తేదీ దగ్గరపడింది.

బావ గ్లాసు కిందపెట్టి కారు వైపు చూశాడు. ‘ఇంకో బండి పంపిస్తానండీ, డ్రైవరు మనవాడే’ అని నంబరిచ్చేశాడు.

‘ఆపుకోవచ్చుగా బావా, మెల్లగా వెళ్దువుగా’ అన్నాను.

‘ఏడుగురు ఎక్కి, దర్శనం టైము ముంచుకొస్తుంటే మెల్లగా వెళ్లనిస్తారేంటి?’ అన్నాడు.

ఏలూరుకి హైవే తప్ప దగ్గర దారి లేదు. ఎడమ పక్కనే పోతూ కాసేపు నలభై, కాసేపు యాభై. ఉంగుటూరు, కైకరం దాటి భీమడోలు వచ్చేసరికి చీకటి పడింది. కుడివైపు ద్వారకా తిరుమల దారి చూపించి, ‘రేపు అటు పోదాం. కొంచెం ఎత్తెక్కించాలన్నాడు మేస్త్రి’ అన్నాడు బావ. ట్రిప్ మీటరు 140 చూపిస్తోంది. అయిదొందలు తిరగ్గానే మొదటి ఆయిలు దింపేయాలి. అరిగిన ఇనుపరజను అంతా అందులోనే ఉంటుంది.