ఎడమ పక్కన నిలబడేది ఎవరు?

ఆగస్టు 9 ర్యాలీ, డ్యాన్సులు, ఫొటోలు అన్నీ అయిపోయాయి కాబట్టి ఇప్పుడు తీరిగ్గా ఒక ఆట గురించి రాస్తున్నాం. పోస్టు కాస్త పొడుగే, ఓపిక పట్టండి. అమెరికన్ ఫుట్‌బాల్ తెలియకపోయినా పర్లేదు, కబడ్డీ తెలిస్తే చాలు. రెండేళ్ల కిందట మాకూ తెలియదు.

మేము అంటే ఒకే ఆశ్రమ పాఠశాల కబడ్డీ టీమ్‌లో ఆడి, ఇప్పుడు తలో ఊళ్లో చదువుకుంటున్న ఆరుగురం. మాలో ఒకరి అన్న మిస్సోరిలో ఎమ్మెస్ చేస్తున్నాడు. ఆయన వల్లే మాకు ఈ కాన్సాస్ సిటీ చీఫ్స్ పిచ్చి పట్టింది.

ముందుగా పేరు సంగతి, ఎందుకంటే ఈ గ్రూపులో ఎవరో ఒకరు తప్పకుండా అడుగుతారు. చీఫ్స్ అంటే ఏ ఆదివాసీ నాయకుడి పేరూ కాదు. ఆ ఊరి మేయర్ హెచ్. రో బార్టిల్‌ని 'చీఫ్' అని పిలిచేవాళ్లు, 1963లో టీమ్ డల్లాస్ నుంచి అక్కడికి మారినప్పుడు ఆయన పేరు మీద అలా పెట్టుకున్నారు. కానీ స్టేడియంలో జనం గొడ్డలి నరికినట్టు చేతులూపుతూ పాడే పాట వింటే మాకూ ఒళ్లు మండుతుంది. ఈకల తలపాగాలు, ముఖానికి రంగులు 2020లో ఆపించారు గానీ ఆ చేతులూపడం ఆగలేదు. అక్కడి ఆదివాసీలు స్టేడియం బయట నిలబడి నిరసన చెబుతూనే ఉన్నారు. వాషింగ్టన్ టీమ్ 2020లో పేరే వదిలేసింది, వీళ్లు వదల్లేదు. మాలో ఇద్దరు ఆ పాట వచ్చినప్పుడు సౌండ్ కట్టేస్తారు. అయినా చూస్తున్నాం. దీని మీద తిట్టాలంటే తిట్టండి, పడతాం.

ఇక ఆట. బంతి విసిరేవాడు క్వార్టర్‌బ్యాక్, చీఫ్స్‌కి పాట్రిక్ మహోమ్స్. ఆయనకి ముందు ఐదుగురు గోడలా నిలబడతారు: మధ్యలో సెంటర్, అటూ ఇటూ గార్డులు, చివర్లలో ట్యాకిల్స్. కుడిచేత్తో విసిరేవాడికి ఎడమ వెనక నుంచి వచ్చేవాడు కనపడడు, అందుకే ఎడమ ట్యాకిల్ అంటే అంత విలువ. ఈ ఐదుగురిలో బంతి ముట్టేది సెంటర్ ఒక్కడే. బాగా ఆడితే వీళ్ల పేరు ఎవరికీ తెలీదు, తప్పు చేస్తే అందరికీ తెలుస్తుంది. మన చైన్‌లో కవర్ ఆడినవాళ్లకి ఈ బాధ తెలుసు.

చీఫ్స్ ఈ గోడ విషయంలో ఒకసారి దెబ్బ తిన్నారు. 2021 ఫిబ్రవరి సూపర్‌బౌల్‌కి వచ్చేసరికి ఇద్దరు ట్యాకిల్స్ లేరు. ఫిషర్‌కి అంతకుముందు మ్యాచ్‌లోనే మడమ నరం తెగింది, ష్వార్ట్జ్‌కి నడుము నొప్పి. గార్డు డువెర్నే-టార్డిఫ్ డాక్టర్ చదివినవాడు, కోవిడ్ అని ఆ ఏడాది ఆట మానేసి కెనడాలో వృద్ధుల సంరక్షణ కేంద్రంలో పనిచేశాడు. (ఆయన మీద మాకున్న గౌరవం గురించి వేరే పోస్టు రాయాలి.) ఉన్నవాళ్లని అటుది ఇటు, ఇటుది అటు సర్ది నిలబెట్టారు. మహోమ్స్ ఆ రాత్రంతా పరిగెత్తుతూనే ఉన్నాడు. 31-9తో ఓడారు. మేము యూట్యూబ్‌లో తర్వాత చూశాం, చూస్తుంటేనే ఆయాసం వచ్చింది.

ఆ వేసవిలోనే గోడ మొత్తం మార్చేశారు. థూనీని, బ్రౌన్‌ని తెచ్చారు, డ్రాఫ్ట్‌లో క్రీడ్ హంఫ్రీని, ట్రే స్మిత్‌ని తీసుకున్నారు. ఊపిరితిత్తుల్లో రక్తం గడ్డలు కట్టిన చరిత్ర ఉందని స్మిత్‌ని అందరూ వదిలేస్తే ఆరో రౌండ్‌లో దొరికాడు. 2023 ఫిబ్రవరి ఫైనల్లో, ఆ సీజన్‌లో 70 శాక్‌లు చేసిన ఫిలడెల్ఫియా వాళ్లు మహోమ్స్‌ని ఒక్కసారి కూడా పడగొట్టలేకపోయారు.

అలాంటి టీమ్ మళ్లీ అదే గుంటలో పడింది. 2024లో ఎడమ ట్యాకిల్‌గా కొత్త కుర్రాడు సువామటాయాని పెట్టి, రెండో మ్యాచ్‌లోనే పక్కకి తప్పించారు. తర్వాత మోరిస్, అతనితో కూడా కుదరలేదు. నవంబర్‌లో హంఫ్రీస్ అనే పెద్దాయన్ని తెచ్చారు, మొదటి మ్యాచ్‌లోనే తొడ కండరం పట్టేసింది. చివరికి దేశంలోనే మంచి గార్డు అయిన థూనీని జరిపి ట్యాకిల్‌గా నిలబెట్టారు. ఆయన ఖాళీ చేసిన చోటికి కాలియెండో వచ్చాడు. 2022లో ఏ టీమూ డ్రాఫ్ట్‌లో తీసుకోని కుర్రాడు.

2025 ఫిబ్రవరి 10, సోమవారం తెల్లవారుజామున 5 గంటలకి హైదరాబాద్‌లో ఒక రూములో అందరం ఫోన్ చుట్టూ కూర్చున్నాం. సగం ఆట అయ్యేసరికి 24-0. మహోమ్స్‌ని మొత్తం ఆరుసార్లు పడగొట్టారు, అదీ అదనంగా ఒక్క మనిషినీ మీదికి పంపకుండా. మాకు కోపం వచ్చింది. మాకు తెలిసిన పేరు కాలియెండోదే కాబట్టి వాడినే తిట్టాం. మాలో ఒకడు గట్టిగా అన్నాడు, "వీడొక చిల్లు రా!"

రూములో ఎవరూ మాట్లాడలేదు. ఎందుకంటే ఆ మాట మాది. మేము ఒకడికి పెట్టిన పేరు.

పదో తరగతిలో జోనల్ మీట్ సెమీస్. పొద్దున మ్యాచ్‌లో మా ఎడమ కార్నర్‌కి చీలమండ మెలిక పడి వాచిపోయింది. మా కవర్ టీమ్‌లో అందరికంటే బాగా పట్టేవాడు, వాణ్ని కార్నర్‌కి జరిపాం. కవర్‌లోకి తొమ్మిదో తరగతి తమ్ముడిని దించాం. టీమ్‌లో పేరుంది కానీ ఏడాదంతా వాడు చేసింది నీళ్లు మోయడం, ముగ్గుతో గీతలు వేయడం. ఒక్క రోజు కూడా వాడి చెయ్యి పట్టుకుని చైన్ కట్టి ప్రాక్టీస్ చేయలేదు మేము. ఎవరి చెయ్యి ఎప్పుడు వదలాలో వాడికి ఎలా తెలుస్తుంది? అవతలి రైడర్ మొదటి కూతలోనే కనిపెట్టేశాడు, ఇక ప్రతి కూతా అటువైపే. ఒక చోట దెబ్బ తగిలితే మేము రెండు చోట్ల బలహీనం చేసుకున్నాం. ఈ లెక్క ఇప్పుడు తెలుస్తోంది, ఆ రోజు కాదు. పదకొండు పాయింట్లతో ఓడి, తిరిగొచ్చే ఆటోలోనే వాడికి 'చిల్లు' అని పేరు పెట్టాం. హాస్టల్ అంతా పాకింది ఆ పేరు. వాడు మళ్లీ గ్రౌండ్‌లోకి రాలేదు.

ఆ సోమవారమే మాలో ఒకరం వాడి నంబర్ సంపాదించి మెసేజ్ పెట్టాం. "ఆ మ్యాచ్ నాకు గుర్తులేదన్నా" అని రాశాడు. గుర్తులేకపోవడం ఏమిటి, మాకే గుర్తుంటే.

సరే, 2025 సీజన్‌కి ముందు చీఫ్స్ పరిస్థితి. మార్చిలో థూనీని షికాగోకి ఇచ్చేశారు, బదులుగా 2026 నాలుగో రౌండ్ పిక్ మాత్రమే వచ్చింది. డబ్బు మిగిలింది, ఆ డబ్బు అవసరం కూడా, జులైలో స్మిత్‌కి నాలుగేళ్లకి 9 కోట్ల 40 లక్షల డాలర్ల ఒప్పందం ఇచ్చారు. మాలో ముగ్గురు సరైన పనే అంటారు, ముగ్గురు కాదంటారు. ఎడమ ట్యాకిల్‌కి మొదటి రౌండ్‌లో జోష్ సిమన్స్‌ని తీసుకున్నారు. మంచి ఆటగాడే, కానీ 2024 అక్టోబర్‌లో మోకాలి చిప్ప దగ్గర నరం తెగింది. క్యాంపులో అతన్నే మొదటి వరసలో ఆడించారు. మోకాలు సీజనంతా నిలబడుతుందా అన్నది అప్పటి అనుమానం. నిలబడకపోతే జేలన్ మూర్. శాన్‌ఫ్రాన్సిస్కోలో నాలుగేళ్లు ట్రెంట్ విలియమ్స్ వెనక బెంచి మీద ఉన్నవాడికి రెండేళ్లకి 3 కోట్ల డాలర్లు ఇచ్చి తెచ్చారు. బెంచికి ఇంత ఖర్చు పెట్టారంటే వాళ్లకీ భయం ఉన్నట్టే. 2024లో ట్యాకిల్‌గా తడబడిన సువామటాయాని ఎడమ గార్డుగా పెట్టారు. అంటే ఎడమ పక్క ఇద్దరూ ఆ స్థానాలకి కొత్తే. కుడి ట్యాకిల్ టేలర్ ఎన్నిసార్లు ముందే కదిలి పెనాల్టీ తెస్తాడో అప్పుడు ఎవరూ చెప్పలేకపోయారు.

లీగ్ రూల్ ఒకటి మాకు బాగా నచ్చింది. మ్యాచ్ రోజు ఆడేవాళ్ల జాబితాలో 48 మందిని పెట్టుకోవాలంటే అందులో కనీసం ఎనిమిది మంది లైన్‌వాళ్లు ఉండాలి, లేదంటే 47 మందే. ఐదుగురు ఆడతారు, ముగ్గురు అదనం. ఆ ముగ్గురు ఎవరన్నదే అప్పటి ప్రశ్న. 2025 ఆగస్టు 26కి టీమ్ 53కి తగ్గాల్సి వచ్చింది. కాలియెండో ఉండాలని మేం ఆరుగురం కోరుకున్నాం.

ఆ సీజన్ మొదటి మ్యాచ్ బ్రెజిల్‌లో, చార్జర్స్‌తో జరిగింది. మనకి 2025 సెప్టెంబర్ 6, శనివారం పొద్దున 5:30. యూట్యూబ్‌లో ఉచితంగా వచ్చింది. ఆ తమ్ముడికి కూడా ఈ సంగతి చెప్పి, రూముకి రమ్మని మెసేజ్ పెట్టాం. చూశాడు. ఇంకా ఏమీ అనలేదు.